వదిలెయ్... గోడ వెనక్కిస్తుంది!

రాత్రి తొమ్మిది దాటింది. జూన్ నెల మాలగాలో ఆ టైమ్‌కి కూడా ఇంకా వెలుగుంటుంది. చుట్టూ గాజు గోడలున్న కోర్టులో, చిల్లుల బ్యాట్ పట్టుకుని నేను. అవతలి నుంచి బంతి నా కుడివైపుకి దూసుకొచ్చింది. కొట్టేద్దామని ముందుకి దూకాను. 'దెహలా! దెహలా!' అని నా పార్ట్‌నర్ అరిచాడు. స్పానిష్‌లో 'వదిలెయ్' అని అర్థం. అప్పటికే నా చెయ్యి లేచిపోయింది. బ్యాట్ అంచుకి తగిలిన బంతి గాజుపైన ఉన్న ఇనప జాలీని కూడా దాటి పక్క కోర్టులో పడింది.

'నో పాసా నాదా' అన్నాడతను నవ్వుతూ. ఏం ఫర్లేదు అని. ఆ సాయంత్రం ఆ మాట వినడం నాకది పదకొండోసారి. లెక్కపెట్టాను కాబట్టి తెలుసు. మన దగ్గరైనా సరే, ఒకే మనిషికి గంటలో పదకొండుసార్లు 'ఫర్లేదులే' చెప్పారంటే దానర్థం ఏంటో మీకు వేరే చెప్పాలా!

నలుగురుంటేనే ఆట

స్పెయిన్ దక్షిణాన మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న ఊరు మాలగా. పికాసో పుట్టిన ఊరు. కొండమీద పాత కోట, కింద ఓడరేవు, మధ్యలో పాలరాయి పరిచిన వీధి. మాడ్రిడ్ నుంచి హైస్పీడ్ రైలెక్కితే మూడు గంటల్లోపే వచ్చేయొచ్చు. ఊరి శివార్లలో పెద్ద టెక్ పార్క్ ఉంది. ప్రాజెక్ట్ పనిమీద ఆరు నెలలు నన్ను పంపింది అక్కడికే.

పగలు బాగానే గడిచేది. ఆఫీసులో అందరికీ ఇంగ్లిష్ వచ్చు. సాయంత్రం ఆరు దాటాకే కష్టం. నాకు స్పానిష్ రాదు. వాళ్ళు తొందరగా ఇంటికి పోయే రకం కాదు, కానీ ఎక్కడికి పోతారో నాకు తెలీదు. నేను రూమ్‌కెళ్ళి రైస్ కుక్కర్ ఆన్ చేసి, ఆవకాయ సీసా మూత తీసి, ఫోన్‌లో సినిమా పెట్టుకునేవాణ్ణి. మొదటి నెలలో అమ్మతో రోజూ గంట మాట్లాడానంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి.

ఆ ఒంటరితనానికి తెర దించింది ఒక మోకాలి గాయం. నాది కాదులెండి! మా టీమ్‌లో నలుగురు ప్రతి గురువారం పాడెల్ ఆడతారు. వాళ్ళలో ఒకతని మోకాలు పట్టేసింది, రెండు నెలలు విశ్రాంతి అన్నారు. పాడెల్ అంటేనే డబుల్స్. ముగ్గురుంటే ఆట లేదు. 'నీకు టెన్నిస్ వచ్చా?' అని అడిగారు. 'క్రికెట్ వచ్చు' అన్నాను. వాళ్ళకి వేరే దారి లేదు.

ఆటయ్యాక పక్కనే ఉన్న బార్‌లో కూర్చుని అర్ధరాత్రి దాకా కబుర్లు. నాకోసం ఇంగ్లిష్‌లో కొంత, చేతులతో కొంత. ఆ ఊళ్ళో నాకంటూ మనుషులున్నారనిపించింది ఆ గురువారాల్లోనే. చిక్కల్లా ఒక్కటే. జులై మొదటి వారంలో మోకాలి మిత్రుడు తిరిగొస్తున్నాడు. అప్పుడు ఐదుగురం అవుతాం. కోర్టులో పట్టేది నలుగురే. 'నో పాసా నాదా'ల లెక్క చూసుకుంటే బయట కూర్చునేది ఎవరో చెప్పడానికి పెద్ద అల్గారిథమ్ అక్కర్లేదు.

ఇంతకీ ఏంటీ ఆట?

టెన్నిస్‌నీ స్క్వాష్‌నీ కలిపి కొట్టినట్టుంటుంది. కోర్టు పొడవు 20 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. రెండు చివర్లా మూడు మీటర్ల గాజు గోడ, దానిమీద మరో మీటరు జాలీ. మూలల నుంచి కొంత దూరం పక్కల్లో కూడా గాజే, మిగతాదంతా జాలీ. బ్యాట్‌కి తీగలుండవు, గట్టి పలక మీద చిల్లులుంటాయి. స్పానిష్‌లో దాన్ని 'పాలా' అంటారు. జారిపోకుండా మణికట్టుకి తాడు తగిలించుకోవాల్సిందే. బంతి టెన్నిస్ బంతిలాగే ఉంటుంది, లోపల గాలి కాస్త తక్కువ. స్కోరు టెన్నిస్ లెక్కే. సర్వీస్ మాత్రం బంతిని నేలకి తట్టి నడుం కంటే కింద నుంచి వెయ్యాలి.

అసలు మజా ఇక్కడుంది. అవతలివాళ్ళు కొట్టిన బంతి మన వైపు నేలమీద ఒకసారి పడి, తర్వాత గోడకి తగిలి వెనక్కొచ్చినా మనం కొట్టొచ్చు. రెండోసారి నేలమీద పడకముందు కొడితే చాలు. అంటే టెన్నిస్‌లో మనల్ని దాటిపోయిన బంతి పోయినట్టే. పాడెల్‌లో దాటిపోయిన బంతి ఒక్కోసారి మనకి మరింత అనుకూలంగా తిరిగొస్తుంది. ఇది తలకెక్కడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. చేతికెక్కడానికి ఆరు వారాలు.

నా బలమే నా బలహీనత

నేను కుడిచేతి వాటం. కుడివైపు నిలబెట్టారు. స్పెయిన్‌లో అలా కుడివైపు ఆడేవాళ్ళకి 'ద్రైవ్' అని పేరే ఉంది, ఎడమవైపు వాళ్ళు 'రెవేస్'. కుడివైపు నిలబడితే నా ఫోర్‌హ్యాండ్ వైపే గాజు మూల ఉంటుంది. వెనక ఒక గోడ, పక్కన ఒక గోడ. అవతలివాళ్ళు రెండు గేముల్లోనే పసిగట్టేశారు. ప్రతి బంతీ ఆ మూలకే.

చిన్నప్పటి నుంచి ఆడింది టెన్నిస్ బాల్ క్రికెట్. మిడ్ వికెట్ మీదుగా ఎత్తి కొట్టడమే మాకు ఫోర్‌హ్యాండ్. చెయ్యి వెనక్కి బారెడు తీసి, మణికట్టు విదిలించి, బలమంతా పెట్టి బాదడం. ఇక్కడ అలా బాదితే రెండే జరుగుతాయి. వెనక గోడ దగ్గరుంటుంది కాబట్టి వెనక్కి తీసిన బ్యాట్ గాజుకి టంగుమని తగులుతుంది. తగల్లేదనుకోండి, బంతి రాకెట్‌లా పోయి అవతలి గాజుకి కొట్టుకుని కోర్టు మధ్యలోకి మెత్తగా వచ్చి వాలుతుంది. అవతలివాళ్ళకి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే. ఈ ఆటలో గట్టి దెబ్బ చాలాసార్లు శత్రువుకి కానుక. మెల్లగా వెళ్ళి గాజు మొదట్లో చచ్చిపోయే బంతే అసలు దెబ్బ.

మూడో వారానికి మోచేతి బయటివైపు నొప్పి మొదలైంది. కాఫీ కప్పు ఎత్తితే కలుక్కుమనేది. డాక్టర్ దగ్గరికెళ్తే పది రోజులు ఆట మానమన్నారు. ఆ పది రోజుల్లోనే, ఉన్నది రెండు నెలలే కదా అని దిగులుపడుతూ కోచ్‌ని వెతుక్కున్నాను.

కాఫీ కొలతల్లో ఫోర్‌హ్యాండ్

కోచ్ యాభై దాటిన ఆవిడ. ఇంగ్లిష్ మాటలు ఓ ముప్ఫై వచ్చు. నాకు స్పానిష్ మాటలు ఓ ఇరవై. ఆ యాభై మాటలతోనే క్లాసు. ఆవిడ ఎక్కువగా వాడింది రెండే. 'ఎస్పేరా' అంటే ఆగు. 'ఓత్రా' అంటే ఇంకోటి.

మాలగాలో కాఫీ ఆర్డరివ్వడమే ఒక విద్య. 'ఒక కాఫీ' అంటే కుదరదు. పాలు ఎంత, డికాక్షన్ ఎంత అనేదాన్ని బట్టి పేర్లుంటాయి. ఉత్త డికాక్షనైతే 'సోలో'. సగంసగమైతే 'మితాద్'. పాలెక్కువ, కాఫీ తక్కువైతే 'సోంబ్రా', అంటే నీడ. పాలలో కాస్త కాఫీ చూపిస్తే 'నూబే', అంటే మబ్బు. ఇలా మొత్తం పది. ఊరి నడిబొడ్డున ఉండే కెఫే సెంట్రల్‌లో ఈ పేర్ల పట్టికని పింగాణీ పలకలమీద గోడకి అతికించారు. ఆ కెఫే 2022లో మూతపడినా పేర్లు మాత్రం ఊరంతా బతికే ఉన్నాయి. పట్టికలో పదోది ఖాళీ గ్లాసు. దాని పేరు 'నో మె లో పోంగా'. నాకేం పొయ్యొద్దు అని!

మొదటి క్లాసులో నా దెబ్బలు పది చూసి ఆవిడ అన్న మాట: 'నువ్వు కొట్టేవన్నీ సోలో. నాకు సోంబ్రా కావాలి.' భాష రాకపోయినా అది వెంటనే అర్థమైంది. ఆ తర్వాత మా క్లాసంతా కాఫీ భాషలోనే నడిచింది.

రెండో క్లాసులో బ్యాట్ లాక్కుంది. 'ఈరోజు నో మె లో పోంగా' అంది. అంటే ఈరోజు కొట్టడం లేదు. బంతి నేలమీద పడాలి, వెనక గాజుకి తగలాలి, తిరిగొచ్చాక నేను ఎడమచేత్తో పట్టుకోవాలి. అంతే. చిన్నపిల్లల ఆటలా ఉంది కదా అనుకున్నా. మొదటి ఇరవైలో పట్టుకున్నవి నాలుగు. బంతి గోడ నుంచి ఎంత దూరం వస్తుందో, ఎంత ఎత్తున వస్తుందో నాకసలు తెలీదని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ బంతిని కొట్టడమే చూశాను, బంతిని చూడలేదు.

అరగంట తర్వాత ఒక సంగతి గమనించాను. పట్టుకోగలిగిన ప్రతిసారీ నేను బంతితోపాటే వెనక్కి వెళ్ళి, బంతితోపాటే ముందుకు వస్తున్నాను. పట్టుకోలేనప్పుడు ఒకేచోట నిలబడి చెయ్యి చాస్తున్నాను. ఆవిడ చెప్పాలనుకున్నది అదే. గోడకి ఎదురు పరుగెత్తకూడదు. బంతికి పక్కగా, చెయ్యంత దూరం వదిలి, దానితో కలిసి నడవాలి.

మూడో క్లాసుకి బ్యాట్ తిరిగొచ్చింది. అక్కణ్ణుంచి ఒక్కొక్కటే సర్దుకుంటూ వచ్చాం.

ముందు పట్టు. సుత్తి పట్టుకున్నట్టు పట్టుకోవాలి. నేను దాన్ని పిసికేసేవాణ్ణి. మోచేతి నొప్పికి సగం కారణం అదేనని ఆవిడ అనుమానం. బంతి తగిలే క్షణంలో తప్ప మిగతా టైమంతా వేళ్ళు వదులుగా ఉండాలంది. బ్యాట్‌ని కొనదగ్గర ఎడమచేత్తో మోస్తూ ఉంటే కుడిచెయ్యి దానంతటదే వదులవుతుంది.

తర్వాత నిలబడే చోటు. సర్వీస్ గీత నెట్‌కి 6.95 మీటర్ల దూరంలో ఉంటుంది. దాని వెనక గాజు దాకా మిగిలేది మూడు మీటర్ల చిల్లర. నేను భయంతో గాజుకి ఆనుకుని నిలబడేవాణ్ణి. వచ్చిన ప్రతి బంతీ నా కాళ్ళమీదే పడేది. గీతకి ఒక అడుగు వెనక నిలబెట్టింది. అవతలివాడి బ్యాట్‌కి బంతి తగిలే క్షణంలో ఒక చిన్న గెంతు. ఆ గెంతు వల్ల ఎటు కదలాలన్నా కాళ్ళు సిద్ధంగా ఉంటాయి.

మూడోది తిరగడం. ఫోర్‌హ్యాండ్ వైపు అని తెలియగానే ముందు తిరగాల్సింది భుజాలు. భుజం తిరిగితే బ్యాట్ దానితోపాటే వెనక్కి వెళ్తుంది. చేత్తో విడిగా తియ్యక్కర్లేదు. 'బ్యాట్ నీ వీపు దాటి కనిపిస్తే ఎక్కువైనట్టు' అని సైగ చేసి చూపించింది. ఎడమచెయ్యి బంతివైపు చాపితే ఒళ్ళు సరిగ్గా పక్కకి తిరిగి ఉంటుంది, దూరం కూడా కొలిచినట్టవుతుంది.

నాలుగోది తగిలే చోటు. బంతి నా ముందు, ఎడమ మోకాలి దగ్గరికి, నడుం ఎత్తులో వచ్చినప్పుడు తగలాలి. నేను ఎప్పుడూ ఒంటి పక్కకో, ఇంకా వెనక్కో వచ్చాక కొట్టేవాణ్ణి. అప్పుడు ఆ లోటు పూడ్చడానికి మణికట్టు విదిలించాల్సొచ్చేది. గోడ నుంచి వచ్చే బంతి తక్కువ ఎత్తులో ఉంటే మోకాళ్ళు వంచి నేను కిందికి దిగాలి, బ్యాట్ కొనని వేలాడదీయకూడదు. కొట్టాక బ్యాట్ ముందుకి, ఎటు పంపానో అటు చూపిస్తూ ఆగాలి. మెడ చుట్టూ తిప్పుకోవడం సినిమాల్లో బాగుంటుంది!

చివరిది, అన్నిటికన్నా కష్టమైనది: ఏ బంతి వదలాలి, ఏది వదలకూడదు. లోతుగా, సర్వీస్ గీత దాటి పడి ఎత్తుగా లేచేది వదిలెయ్యాలి. గోడే దాని వేగం తగ్గించి ఇస్తుంది. గీతకి ముందే పొట్టిగా పడి బద్ధకంగా లేచేది మాత్రం గోడ దాకా రాదు. దాని కోసం ఎదురుచూస్తే బస్టాపులో నిలబడ్డట్టే, ముందే వెళ్ళి కొట్టాలి. మూలలో రెండు గోడలకీ తగిలేది ఇంకో లెక్క. ముందు వెనక గాజు, తర్వాత పక్క గాజు అయితే కోర్టు మధ్యకి తిరుగుతుంది. అప్పుడు దాని దారికి అడ్డం నిలబడకుండా మధ్యవైపు జరిగి చోటివ్వాలి.

ఇంట్లో వాళ్ళ కోచింగ్

ఒక క్లాసు వీడియో ఇంటికి పంపాను. తెనాలిలో మా నాన్న కాలేజీ రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారు. పసుపు ఉన్ని బంతితో, జట్టుకి ఐదుగురు చొప్పున ఆడే ఆట. ఇప్పటి పిల్లలు ఎంతమంది చూశారో తెలీదు. ఆయన వీడియో మూడుసార్లు చూసి ఫోన్ చేశారు.

'కాళ్ళు కదపట్లేదురా నువ్వు. చేత్తో వెతుకుతున్నావ్ బంతిని.'

'కోచ్ కూడా అదే అంది నాన్నా.'

'మరి ఆవిడకి డబ్బులెందుకిస్తున్నావ్?'

వెనకనుంచి అమ్మ ఫోన్ లాక్కుంది. 'గాజు గదిలో ఆటేంట్రా, తగిలించుకోకు. అయినా నీకు చిన్నప్పట్నుంచీ తొందరే. అట్టు అంచు లేచేదాకా ఆగమంటే ఆగేవాడివా? ముందే అట్లకాడ పెట్టి చింపేవాడివి.'

నవ్వుకుని పెట్టేశాను గానీ, మర్నాడు కోర్టులో గాజు నుంచి వస్తున్న బంతిని చూస్తుంటే అట్టు అంచే గుర్తొచ్చింది. పెనం మీద నుంచి దానంతటది లేవడం మొదలుపెడుతుందే, సరిగ్గా ఆ క్షణం. గాజుకి తగిలిన బంతి కూడా నేలవైపు దిగడం మొదలుపెట్టే ఒక క్షణముంటుంది. అట్లకాడ అప్పుడే పెట్టాలి.

మార్బెయాలో నలుగురు తాతలు

ఒక ఆదివారం మార్బెయా వెళ్ళాను. మాలగా నుంచి సముద్రం పక్కగా బస్సులో గంట లోపే. అక్కడికి రైలు లేదు. స్పెయిన్‌లో పాడెల్ అడుగుపెట్టిన ఊరు అది.

కథ మొదలైంది మాత్రం మెక్సికోలో. 1969లో అకపుల్కోలో ఎన్రిక్ కోర్‌క్వేరా అనే ఆయన తన ఇంటి దగ్గర టెన్నిస్ కోర్టు కట్టుకోవాలనుకున్నారు. చోటు చాల్లేదు. ఉన్నంతలో చిన్న కోర్టు వేసి, బంతి బయటికి పోకుండా చుట్టూ గోడలు కట్టించారు. ఆ గోడల్నే ఆటలో కలిపేశారు. ఆయన స్నేహితుడు అల్ఫోన్సో డి హోహెన్‌లోహెకి ఆ ఆట తెగ నచ్చి, 1974లో మార్బెయాలోని తన హోటల్ మార్బెయా క్లబ్‌లో కోర్టులు వేయించారు. అక్కడికొచ్చే ధనవంతుల కాలక్షేపంగా మొదలైంది, తర్వాత వీధివీధికీ పాకింది. అర్జెంటీనాకీ అదే రోజుల్లో చేరింది. వరసగా 16 ఏళ్ళు ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్న ఫెర్నాండో బెలాస్తెగిన్ అక్కడివాడే.

చోటు చాలక పుట్టిన ఆట! గచ్చిబౌలిలో రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సందులో క్రికెట్ ఆడినవాణ్ణి. గోడకి తగిలితే రెండు పరుగులు, కాంపౌండ్ దాటితే అవుట్ అని మేమూ రూల్స్ రాసుకున్నాం. కోర్‌క్వేరా గారు నాకు బాగా దగ్గరివాడిలా అనిపించారు.

మార్బెయా క్లబ్‌ని బయటి నుంచే చూశాను. లోపల గది అద్దె మనలాంటివాళ్ళు అడక్కూడదు. నారింజ చెట్ల చౌరస్తాలో కాసేపు కూర్చుని, ఊళ్ళో మామూలు కోర్టుల వైపు నడిచాను. అక్కడ కనిపించారు వాళ్ళు. నలుగురు పెద్దవాళ్ళు, డెబ్భైకి అటూఇటూ. ఒకాయన రెండు మోకాళ్ళకీ పట్టీలున్నాయి. జాలీ పట్టుకుని గంటసేపు నిలబడిపోయాను.

వాళ్ళలో ఎవరూ పరుగెత్తలేదు. ఎవరూ గట్టిగా కొట్టలేదు. ఒక్కో పాయింటు ఇరవై, ముప్ఫై దెబ్బలు నడిచింది. పట్టీల తాత మూలలోకి వచ్చిన ప్రతి బంతికీ వీపు తిప్పినట్టు పక్కకి జరిగేవారు. బంతి ఆయన్ని దాటిపోయేది, గాజుకి తగిలేది, మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేది, పిలిస్తే వచ్చే పిల్లిలాగా. అప్పుడు బ్యాట్ జానెడు కదిపి, నెట్ దగ్గరున్న వాళ్ళ నెత్తిమీదుగా ఎత్తుగా వేసేవారు. ఆ ఎత్తు బంతిని 'గ్లోబో' అంటారు, బెలూన్ అని. నెట్ దగ్గరున్న ఇద్దరూ వెనక్కి పోక తప్పదు. ఆ ఖాళీలోకి తాతా, ఆయన పార్ట్‌నరూ తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి నెట్ ఆక్రమించేవారు.

నాకు బల్బు వెలిగింది అక్కడే. ఫోర్‌హ్యాండ్‌తో పాయింటు గెలవాలని చూస్తున్నాను ఇన్నాళ్ళూ. పాడెల్‌లో నెట్ దగ్గరున్న జట్టుదే పైచేయి. వెనక నుంచి కొట్టే ఫోర్‌హ్యాండ్ పని గెలిపించడం కాదు, నెట్ దాకా మనల్ని తీసుకెళ్ళడం. నెత్తిమీదుగా గ్లోబో, లేదంటే వాళ్ళ పాదాల దగ్గరికి మెల్లగా ఒకటి. ఈ రెండోదాన్ని 'చికీటా' అంటారు, చిన్నది అని.

తెర్రాల్ వీచిన గురువారం

జులై మొదటి గురువారం. మోకాలి మిత్రుడు వచ్చాడు. ఆ రోజు మాలగాలో తెర్రాల్ వీచింది. సముద్రం వైపు నుంచి కాకుండా లోపలి కొండల నుంచి వచ్చే వేడి పొడిగాలి. మన రోహిణి కార్తె వడగాడ్పు లాంటిది. మామూలు సాయంత్రాల్లో సముద్రపు తేమకి గాజు చెమర్చి, తగిలిన బంతి జారి కిందికి పడిపోతుంది. తెర్రాల్ రోజున అంతా తల్లకిందులు. గాజు పొడిగా ఉంటుంది, వేడికి బంతి రెచ్చిపోయి ఎగురుతుంది. గోడ నుంచి ఇంకో అడుగు ముందుకొస్తుంది. కాబట్టి ఇంకో అడుగు ఎక్కువ చోటివ్వాలి. రెండు నెలల కిందట ఇవేవీ నాకు కనిపించేవి కావు.

వంతులవారీగా ఆడాం. మోకాలి మిత్రుడు మొదటి సెట్ ఆడాడు, నేను బయట. రెండో సెట్‌లో నేను దిగాను. ఐదు-ఐదు దాకా వచ్చింది. నలభై-నలభై. మేం గోల్డెన్ పాయింట్ పద్ధతిలో ఆడతాం. అంటే డ్యూస్ తర్వాత ఒక్కటే పాయింటు, గెలిచినవాళ్ళదే గేమ్. సర్వీస్ ఎవరు తీసుకోవాలో ఎంచుకునే హక్కు అందుకునే జట్టుది. అంటే మాది. నా పార్ట్‌నర్ నావైపు వేలు చూపించాడు. 'తూ.' నువ్వే.

ఆ ఒక్క అక్షరానికి నా గొంతు ఆరిపోయింది.

సర్వీస్ వచ్చింది, తిప్పి పంపాను. వాళ్ళిద్దరూ నెట్ దగ్గరే ఉన్నారు. రెండు దెబ్బల తర్వాత ఊహించినట్టే లోతైన బంతి నా మూలకి. భుజాలు తిప్పాను. ఎడమచెయ్యి చాపాను. బంతి నన్ను దాటిపోయింది. ఆ అరసెకనులో నాకు వినపడనిది ఒకటుంది. 'దెహలా' అని ఎవరూ అరవలేదు.

గాజుకి తగిలింది. తిరిగొచ్చింది. అంచు లేచింది. దానితోపాటే ఒక అడుగు ముందుకేసి, మోకాలు వంచి, సోంబ్రా అంత బలంతో వాళ్ళిద్దరి మధ్యలోకి, పాదాల దగ్గరికి పంపాను. అందుకున్నవాడు వంగి ఎలాగో ఎత్తాడు. బంతి నెట్ మీద తేలిగ్గా లేచి, నా పార్ట్‌నర్ ముందుకి వచ్చింది. అంతకన్నా సులువైన బంతి ఆ సాయంత్రమంతా రాలేదు. అతను దాన్ని బలమంతా పెట్టి బాదాడు. నెట్‌కి కొట్టేశాడు!

గేమ్ పోయింది. తర్వాత సెట్టూ పోయింది. అతను తల పట్టుకుని నావైపు తిరిగాడు.

'నో పాసా నాదా' అన్నాను.

ఒక్క క్షణం ఆగి, అందరూ పగలబడి నవ్వారు. నేను ఆ మాట అనడం అదే మొదటిసారి మరి.

ఆ రాత్రి బార్‌లో మోకాలి మిత్రుడే అన్నాడు, ఐదుగురుంటే మంచిదే, ఎవరో ఒకరికి ఎప్పుడూ పనుంటుందని. బుధవారం వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. 'హ్వేవెస్?' అంటే గురువారం? కింద ఐదు పేర్లు. రెండోది నాది. పెద్ద విషయమేం కాదు. కానీ ఆ స్క్రీన్‌షాట్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

ఆరు నెలలయ్యాక హైదరాబాద్ వచ్చేశాను. ఇక్కడా ఇప్పుడు ఐటీ ఆఫీసుల వైపు పాడెల్ కోర్టులు వెలుస్తున్నాయి. మొన్న శనివారం రాత్రి మా టీమ్ కుర్రాణ్ణి మొదటిసారి తీసుకెళ్ళాను. మంచి క్రికెటర్. మూలకి లోతైన బంతి పడింది. వాడు బ్యాట్ బారెడు వెనక్కి తీశాడు.

'దెహలా!' అని అరిచాను. వాడికేం అర్థం కాలేదు. టంగుమని బ్యాట్ గాజుకి తగిలింది.

'సారీ అన్నా!' అన్నాడు.

'ఫర్లేదులే. ఈసారి వదిలెయ్ రా... అదే వస్తుంది.'